రెండు నిమిషాల యాభై సెకన్లు

సోమవారం ఉదయం పది గంటల పదిహేడు నిమిషాలకు పరీక్షల ల్యాబులో ఫోను మోగింది. ఎత్తినావిడ ఆ ల్యాబులో రిపోర్టుల మీద సంతకం పెట్టే ఇంజనీరు. వయసు నలభై నాలుగు. ఏ పరీక్ష ఎన్నింటికి మొదలైందో, ఎన్నింటికి ముగిసిందో కంప్యూటర్ రాసుకున్నా సరే, తను చేత్తో ఇంకోసారి రాసుకుంటుంది. అందుకని అక్కడ అందరూ ఆమెను గడియారమక్క అంటారు.

"అమ్మా, రిపోర్టులిచ్చే ఆఫీసేనా ఇది? మీ కాగితం అడుగున ఈ నంబరుంది."

"ఏ కాగితమండీ?"

"నాలుగు వేల నూట ఆరు. ఆస్పత్రిది. అక్కడ మెషిన్ రూములో ఆపరేటర్ని నేను. ఆపరేటర్నే అనుకోండి. పంతొమ్మిది రోజుల్నించి ఇంట్లో కూర్చోబెట్టారు."

ఆమె ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని రిపోర్టు తెరిచింది. రెండు పేజీలు. ఒక ఆస్పత్రిలో రోగుల ఫైళ్లన్నీ దాచే స్టోరేజ్ పెట్టె, అంటే ఇరవై నాలుగు డిస్కులున్న ఇనుప పెట్టె, ఒక ఉదయం పది ముప్పై ఏడు నుంచి పది నలభై ఎనిమిది దాకా ఆగిపోయింది. ఆ పదకొండు నిమిషాలు రెండు ఆపరేషన్ థియేటర్లలో ఫైళ్లు తెరుచుకోలేదు. డిస్కుల దగ్గరికి ఏ రిక్వెస్టు ఏ క్షణాన వచ్చిందో ఆ రోజు పది గంటల నుంచి గంటసేపు రికార్డయి ఉంది. అదే మోడల్ పెట్టె ఒకటి తెచ్చి, ఆ గంటను దాని మీద మళ్లీ నడిపి చూడమని ల్యాబుకు పంపారు. నడిపింది తనే. కింద రాసిందీ తనే: "పెట్టె ఎక్కడా ఆగలేదు. రికార్డింగు సమయానికీ పరీక్ష సమయానికీ తేడా అయిదు శాతం లోపే."

"మీ పెట్టె ఆగలేదు కాబట్టి మా పెట్టెలోనూ దోషం లేదన్నారు," అన్నాడు ఆపరేటరు. "పెట్టెది కాకపోతే మనిషిదేగా. గదిలో ఉన్నది నేనొక్కణ్నే. పదిన్నరకి ఫిల్టరు దులపడానికి వెనక తలుపు తీశాను. కేబులు కదిపావన్నారు. కదపలేదమ్మా. ఆ సంగతి విచారణలో చెప్పుకుంటాను. మిమ్మల్ని ఒక్కటే అడుగుదామని."

"అడగండి."

"కేబులు ఊడితే ముందువైపు పచ్చదీపం ఆరిపోవాలి. ఆ రోజు ఆరలేదు. మామూలుగా టపటపా కొట్టుకుంటుంది కదా, అది మానేసి నిలబడిపోయింది. పదకొండు నిమిషాలు అలాగే. మీ దగ్గర నిలబడిందా?"

పరీక్ష నడిచిన గంటా ఆమె స్క్రీన్ ముందు కూర్చుంది. పెట్టె రెండంతస్తుల కింద, ర్యాకుల గదిలో ఉంది.

"చూసి చెప్తానండీ."

"విచారణ శుక్రవారమమ్మా. పదకొండింటికి."

ర్యాకుల గదిలో చలికి స్వెట్టరేసుకుని ఉండే టెక్నీషియన్ని అందరూ బాబాయి అంటారు. ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు. ఆమె తలుపు తీయగానే చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"దారి గుర్తుందన్నమాట. కిందికొచ్చి ఎన్నాళ్లయిందమ్మాయ్?"

"నాలుగు వేల నూట ఆరు పెట్టె ఇంకా ఉందా బాబాయ్?"

"రేపు లారీ ఎక్కిస్తున్నాం."

"ఆపు. ఇంకోసారి నడపాలి."

పదకొండు గంటల అయిదు నిమిషాలకు మొదలుపెట్టారు. రెండు స్టూళ్లు లాక్కుని ర్యాకు ముందు కూర్చున్నారు. దీపం కొట్టుకుంటోంది. బాబాయి గంటలో మూడుసార్లు లేచి చేతులు రుద్దుకున్నాడు. ముప్పై ఏడో నిమిషం దాటాక ఆమె ముందుకి వంగింది. దీపం కాస్త వేగంగా కొట్టుకుంది. నిలబడలేదు. పన్నెండు దాటి ఏడు నిమిషాల యాభై సెకన్లకు పరీక్ష ముగిసింది. ఆమె పుస్తకంలో రాసుకుంది.

"గంట రికార్డింగు నడపడానికి గంటా మూడు నిమిషాలా?" అన్నాడు బాబాయి.

"రెండు నిమిషాల యాభై సెకన్లే ఎక్కువ. అయిదు శాతం లోపైతే సరే అంటాం."

"ఎవరన్నారు?"

"ఏమో. నేను చేరేనాటికే ఉంది. నాకంటే ముందు నువ్వేగా ఉన్నావిక్కడ."

"అయితే నేనే అనుంటాను. నన్నూ ఇంటికి పంపించండి, వెచ్చగా పడుకుంటాను."

ఆమె నవ్వలేదు. పుస్తకంలో వెనక పేజీలు తిప్పింది. నాలుగు వేల నూట ఆరుకి మొదటిసారి పట్టిన సమయం: అరవై రెండు నిమిషాల నలభై తొమ్మిది సెకన్లు. ఇప్పుడు అరవై రెండు యాభై. రెండుసార్లూ దాదాపు అంతే ఆలస్యం.

మంగళవారం ఎనిమిదిన్నరకి వచ్చింది. ముందు కంప్యూటర్ గడియారాన్ని అనుమానించింది. పక్కన ఇంకో యంత్రం పెట్టి రెండు గంటలు పోల్చింది. తేడా లేదు. తర్వాత ప్రోగ్రాము నిద్రని అనుమానించింది. ఒక రిక్వెస్టు పంపాక తర్వాతది పంపేదాకా ప్రోగ్రాము ఆగాలి. ఆగమన్న దానికన్నా కాస్త ఎక్కువ ఆగుతోందేమో. ఆ భాగం తిరగరాసి మళ్లీ నడిపింది. తొమ్మిది సెకన్లు కలిసొచ్చాయి. ఇంకా రెండు నిమిషాల నలభై ఒక్క సెకన్లు మిగిలాయి.

మధ్యాహ్నం భోజనం డబ్బా తెరిచి, మూత మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది. పక్క బల్ల వాళ్లు పిలిస్తే తలూపింది. తర్వాత ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో ఒక్కో నిమిషం దగ్గర పరీక్ష ఎన్ని సెకన్లు వెనకబడిందో కాగితం మీద దింపుకుంది. మొదట్లో నిమిషానికి రెండేసి సెకన్లు. ముప్పై ఏడో నిమిషంలో ఒక్కసారే దాదాపు యాభై. ఆ తర్వాత మళ్లీ రెండేసి. గీత గీస్తే మెట్టు కట్టినట్టు వచ్చింది. ఆస్పత్రిలో పెట్టె ఆగింది ముప్పై ఏడో నిమిషంలోనే.

ఎందుకో అర్థం కాలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఇంటికి చేరేసరికి ఏడూ నలభై. భర్త రెండో షిఫ్టులో ఉన్నాడు. అత్తగారికి నాలుగు రోజుల కిందట కంటి ఆపరేషన్ అయింది. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా రెండేసి గంటలకు ఒకసారి, మొత్తం ఏడుసార్లు, చుక్కల మందు వేయాలి. ఆ పని మామగారు తీసుకున్నారు. దానికో నోటు పుస్తకం, దానికో దారం, దారానికో పెన్సిలు.

"ఇంకో చుక్క ఉందా మామయ్యా?"

"రెండున్నాయమ్మా. ఒకటి ఎనిమిదిన్నరకి, ఒకటి పదిన్నర దాటాక."

"ఎనిమిదింటికి ఆఖరిదని డాక్టరు చీటీ మీద రాసిచ్చాడు," అంది అత్తగారు మంచం మీంచి. ఒక కంటికి ప్లాస్టిక్ మూత ఉంది. "ఈయన లెక్క ఈయనది. డాక్టరు చదువంతా దండగ."

"నేను ప్రతిసారీ రెండు గంటలూ ఆగాను. ఒక్క నిమిషం తగ్గలేదు. కావాలంటే చూసుకోండి." మామగారు పుస్తకం కోడలి చేతికిచ్చారు. ఎనిమిది. పదీ ఇరవై అయిదు. పన్నెండూ యాభై. మూడూ ఇరవై. ఆరు దాటి పది. అంతే. అయిదే.

"రెండు గంటలు ఎప్పట్నించి లెక్కపెడుతున్నారు మామయ్యా?"

"చుక్క వేశాక కళ్లు మూసుకుని పడుకోవాలి కదా. మీ అత్తయ్య నిద్రపోతుంది. లేచాక మొదలెడతాను. పని అయ్యాకేగా తర్వాతి పని."

"నేను పడుకుంటే గడియారం కూడా పడుకుంటుందన్నమాట," అంది అత్తగారు. "నలభై ఏళ్లు ఆఫీసులో ఇదే లెక్కతో పనిచేశారు. అందుకే రోజూ ఇంటికి ఆలస్యం."

"నీ నోటికి కూడా ఏమైనా చుక్కలిచ్చాడేమో అడగాల్సింది."

కోడలు పుస్తకం వంకే చూస్తూ నిలబడింది. సంచి ఇంకా భుజం మీదే ఉంది. మూడూ ఇరవై దగ్గర వేలు పెట్టింది. తర్వాత పెన్సిలు తీసుకుని పక్క పేజీలో పై నుంచి కిందికి రాసింది: ఎనిమిది, పది, పన్నెండు, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది.

"ఆవిడ పడుకున్నా, లేచినా, ఈ టైములకి వేసేయండి మామయ్యా."

"నిద్రలో లేపనా?"

"లేపండి."

"ఆపరేషన్ చేయించుకున్నాక మనిషికి ఆ మాత్రం సుఖం కూడా లేదు," అంది అత్తగారు. చుక్క వేయించుకోవడానికి తల వెనక్కి వాల్చింది.

బుధవారం ఎనిమిదింటికి ల్యాబు తాళం ఆమే తీసింది. పరీక్ష నడిపే ప్రోగ్రాము రెండు వేల మూడు వందల లైన్లు. ఎనిమిది వందల పన్నెండో లైను దగ్గర ఆగింది. ఒక రిక్వెస్టు పంపు, అది పూర్తయ్యేదాకా ఆగు, పూర్తయ్యాక తర్వాతి విరామం లెక్కపెట్టు. పైన చిన్న గమనిక: "తాత్కాలికం. కొత్త మెషిన్ వచ్చాక తీసేయాలి." దాని పక్కన ఆరేళ్ల కిందటి తేదీ. తేదీ పక్కన ఆమె పొడి అక్షరాలు.

అప్పట్లో పరీక్ష నడిపే మెషిన్ పాతది. రిక్వెస్టులు ఒక్కసారిగా మీద పడితే బిగుసుకుపోయేది. బాబాయి రెండంతస్తులు ఎక్కివచ్చి దాన్ని ఆపి, మళ్లీ పెట్టేవాడు. ఒకరోజు నాలుగుసార్లు ఎక్కాడు. ఆ సాయంత్రం ఆమె ఈ లైను చేర్చింది. కొత్త మెషిన్ వచ్చి నాలుగేళ్లయింది.

ఆస్పత్రిలో ముప్పై ఏడో నిమిషంలో లక్షకు పైగా రిక్వెస్టులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఈ లైను వాటిని గేటు దగ్గర ఆపి, టోకెన్లిచ్చి, ఒక్కొక్కదాన్నే లోపలికి పంపింది. ల్యాబులో పెట్టె ఆ తొక్కిసలాట చూడనే లేదు. ఒక్కొక్కటీ పూర్తయ్యేదాకా ఆగినందుకు అర మిల్లీసెకను కన్నా తక్కువే ఆలస్యం. గంటలో వచ్చినవి నాలుగు లక్షలు.

లైను తీసేసింది. ప్రతి రిక్వెస్టునూ, ముందుది పూర్తయినా కాకపోయినా, మొదటి నుంచి లెక్కపెట్టిన సమయానికే పంపేలా రాసింది. రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. సరిచూసుకోవడానికి నాలుగు గంటలు.

రెండూ పదికి నడిపారు. బాబాయి స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె నిలబడింది. రెండూ నలభై ఏడు దాటింది. దీపం కొట్టుకోవడం ఆగింది.

"అమ్మాయ్."

"చూస్తున్నాను."

పచ్చదీపం వెలుగుతూ అలాగే ఉంది. బాబాయి చేతి గడియారం విప్పి తొడ మీద పెట్టుకున్నాడు. కాసేపటికి దీపం రెండుసార్లు మినుకుమంది, మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"పదకొండు నిమిషాల రెండు సెకన్లు," అన్నాడు బాబాయి. గడియారం తిరిగి పెట్టుకున్నాడు. "వెనక తలుపు నేను ముట్టుకోలేదు. నువ్వు సాక్షివి."

పరీక్ష మొత్తం గంటా ఒక్క సెకను పట్టింది. గురువారం ఉదయం ఇంకో రెండుసార్లు నడిపారు. పది నిమిషాల యాభై ఎనిమిది సెకన్లు. పదకొండు నిమిషాలు సరిగ్గా.

గురువారం రెండింటికి మేనేజరు గదికి వెళ్లింది. మేనేజరు ఆమెకన్నా మూడేళ్లు చిన్న. కాగితాలు మొత్తం చదివాడు. ఎనిమిది వందల పన్నెండో లైను దగ్గర వెనక్కి వచ్చి మళ్లీ చదివాడు.

"ఆరేళ్ల నుంచీ ఉందా ఇది?"

"ఆరేళ్ల నుంచీ ఉంది."

"దీంతో ఎన్ని రిపోర్టులిచ్చాం?"

"నూట నలభై ఒకటి. పొద్దున్నే లెక్కపెట్టాను."

అతను కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "తిట్టే ఓపిక కూడా లేదు నాకు. మీరైనా ఏదన్నా అనండి."

"ఏమనను? లైను నాది."

"ఇప్పుడే ఎవరికీ పంపకండి. సోమవారం లాయర్ వస్తాడు. ఆయన చూశాక పంపుదాం. పెట్టె కంపెనీ వాళ్లకీ ముందు ఒక మాట చెప్పాలి. మూడు రోజులేగా."

"విచారణ రేపు."

"వాయిదా అడగమనండి."

"ఏం చూపించి అడగమంటారు?"

మేనేజరు కళ్లద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. ఆమె కాగితాలు తీసుకుని బయటికి వచ్చింది.

నాలుగున్నరకి ఫోను మోగింది. ఆపరేటరే.

"ఇక మీరు శ్రమపడకండమ్మా. నిన్న మా సూపరింటెండెంటు ఇంటికొచ్చాడు. ఒప్పుకుంటూ సంతకం పెడితే హెచ్చరికతో వదిలేస్తారట. వేరే విభాగంలో, ఫైళ్లు మోసే పని. పెట్టకపోతే తీసేస్తారు. పెట్టేద్దామనుకుంటున్నాను."

"మీరు ముట్టుకోలేదన్నారు కదండీ."

అటు నుంచి వస్తున్న టీవీ చప్పుడు తగ్గింది.

"ముట్టుకోలేదనే అనుకున్నాను. మూడు వారాల్నించి అందరూ అదే మాట. మా ఆవిడ కూడా, మోచెయ్యి తగిలిందేమో గుర్తు తెచ్చుకో అంటుంది. రోజూ గుర్తు తెచ్చుకుంటున్నాను. ఫిల్టరు తీస్తాను, దులుపుతాను, పెడతాను. మొన్నటి దాకా ఆ కేబులు దగ్గరికి నా చెయ్యి వెళ్లేది కాదు. ఇప్పుడు వెళ్తోందమ్మా."

ఆమె పెన్ను పట్టుకుని ఉంది. పుస్తకంలో ఏమీ రాయలేదు.

"రేపు పొద్దున నేను ఫోన్ చేసేదాకా సంతకం పెట్టకండి."

"దీపం సంగతి చూశారా?"

"రేపు చెప్తాను. కాగితం మీద చెప్తాను."

ల్యాబు నిబంధనల్లో పదకొండోది ఇలా ఉంది: రిపోర్టులో తప్పు తేలితే సంతకం పెట్టినవారే సవరణ పంపవచ్చు, దాని కాపీ మేనేజరుకు ఇవ్వాలి. పై అనుమతి అని అందులో ఎక్కడా లేదు. ఆమె ఆ పేజీని ఆ సాయంత్రం బస్సులో రెండుసార్లు చదివింది.

శుక్రవారం తొమ్మిదీ నలభై ఆరుకి సవరణ ఆస్పత్రికి పంపింది. ఒక పేజీ. "రిపోర్టు 4106 చెల్లదు. పరీక్ష నడిపే ప్రోగ్రాములో మా పొరపాటు వల్ల రిక్వెస్టులు అసలు సమయాలకు వెళ్లలేదు. సరిచేసి మూడుసార్లు నడిపితే మూడుసార్లూ అదే మోడల్ పెట్టె ముప్పై ఏడో నిమిషంలో ఆగింది. ఆ సమయంలో కేబుల్ని ఎవరూ తాకలేదు. పొరపాటు కింద సంతకం చేసినవారిది." ప్రతిని మేనేజరుకు పంపింది.

పదింటికి ఆస్పత్రికి ఫోన్ చేసింది. మెయిళ్లు మధ్యాహ్నం చూస్తారని గుమాస్తా చెప్పాడు. పదీ పదికి మళ్లీ చేసింది. విచారణ గదిలోకి కాగితమైతే పంపగలం, మెయిలు ఎలా పంపుతామండీ అన్నాడు అదే గుమాస్తా.

పదీ ముప్పై ఒకటికి ఆపరేటరుకు చేసింది. అతను ఆస్పత్రి వరండాలో ఉన్నాడు.

"మీ ఫోనుకి ఒక పేజీ పంపాను. దగ్గర్లో జిరాక్సు షాపుందా?"

"గేటు బయటే ఉంది. ఎన్ని కాపీలు?"

"అయిదు తీయించండి. లోపల ఎంతమందున్నా చాలకపోకూడదు."

"దీపం..."

"నిలబడింది. పదకొండు నిమిషాలు. మొదటిసారి నిలబడకపోవడం నా తప్పు. ఆ ప్రోగ్రాము రాసింది నేను. అదీ ఆ పేజీలో ఉంది."

నడుస్తున్న చెప్పుల చప్పుడు వినిపించింది, తర్వాత రోడ్డు మీది హారన్లు. "బాబూ, అయిదు కాపీలు," అన్నాడు ఎవరితోనో. ఫోను పెట్టేయడం మరిచిపోయాడు. ఆమె కూడా పెట్టేయలేదు. జిరాక్సు మెషిన్ తిరిగే చప్పుడు అయిదుసార్లు విని, అప్పుడు పెట్టేసింది.

పన్నెండూ ఇరవైకి ఆస్పత్రి నుంచి మెయిలు వచ్చింది. సవరణ అందింది, విచారణ నిలిపివేశాం, ఆపరేటరు సోమవారం నుంచి డ్యూటీలో చేరవచ్చు, పెట్టె కంపెనీ నుంచి సంజాయిషీ కోరుతున్నాం. మూడింటికి మేనేజరు పిలిచాడు. పెట్టె కంపెనీ వాళ్లు గంటసేపు మాట్లాడారన్నాడు. ఏమన్నారో చెప్పలేదు. పాత రిపోర్టులన్నీ మళ్లీ నడిపేదాకా ఆమెకు సంతకం అధికారం ఉండదని చెప్పి, ఒక కాగితం ముందుకు జరిపాడు. అందింది అని రాసి ఆమె కింద సంతకం పెట్టింది.

"ఎవరు నడుపుతారు అవన్నీ?" అన్నాడు మేనేజరు.

"నూట నలభైయేగా. ఒకటి అయిపోయింది."

సోమవారం తొమ్మిదింటికి ర్యాకుల గదిలోకి స్వెట్టరు వేసుకుని వెళ్లింది. బాబాయి రెండు స్టూళ్లు ముందే వేసి ఉంచాడు. ఫ్లాస్కులో టీ తెచ్చాడు. జాబితాలో మొదటిది ఆరేళ్ల కిందటిది, ఒక నీళ్ల సరఫరా ఆఫీసుది. అప్పుడు ఆమె రాసిన రిపోర్టు ఒక పేజీ. పెట్టె ఎక్కడా ఆగలేదని ఉంది.

"ఇందులో ఎవరిని పంపించారో ఇంటికి?" అన్నాడు బాబాయి.

"రిపోర్టులో ఉండదు బాబాయ్."

తొమ్మిదీ పన్నెండుకి పరీక్ష మొదలైంది. తొమ్మిదీ ముప్పై నాలుగుకి దీపం నిలబడింది.